వంతెన కింద ఓట్లు లేవు

భార్య మాట్లాడుతుండగా జనం లేచి వెళ్ళిపోవడం అయాజ్ మొదటిసారి చూసింది బండల పాలిష్ మిషన్ల వీధిలో.

అంతవరకు అంతా బాగానే నడిచింది. ఎర్రగుంట్లకు పక్కనే ఉన్న ఆ చిన్న మునిసిపాలిటీలో వాళ్ళ వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయింది. అయాజ్ భార్య షమీమ్ ఏ పార్టీ అండా లేకుండా కౌన్సిలర్‌గా నామినేషన్ వేసింది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు గడపల మీద, మగవాళ్ళు రోడ్డు పక్క పేర్చిన బండల మీద కూర్చుని ఆమె మాట విన్నారు. ఊరికి దూరంగా, రాళ్ళు తవ్వి వదిలేసిన గుంతల పక్కన స్థలాలిచ్చి ఇండ్లు కట్టుకోమంటే ఎట్లా పోతారు, పని ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, పడుకునేది అక్కడా అని షమీమ్ అడిగితే ముసలివాళ్ళు కూడా తలలూపారు. సంత పక్కన ఖాళీగా పడి ఉన్న జాగాలోనే ఇండ్లు కట్టించాలని కొట్లాడతానంది. వార్డు మొత్తానికి ఒకడే నెట్ వైరు లాగి, తనకు గిట్టని ఇంటికి ఆ వైరు కత్తిరిస్తుంటే పిల్లల చదువులేం కావాలి, పింఛన్ల వేలిముద్రలేం కావాలి అంటే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆమె, రైల్వే వంతెన కింద బతుకుతున్న వాళ్ళు తల దాచుకోవడానికి కమ్యూనిటీ హాలు తెరిపిస్తానంది.

ముందు వరసలో ఒకామె చీర దులుపుకొని లేచింది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ తిట్టలేదు, అరవలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నట్టు ఒక్కొక్కరే లోపలికి పోయి తలుపులు దగ్గరకు వేసుకున్నారు. షమీమ్ మిగిలిన మాటలు బండలకు చెప్పి ముగించింది.

షమీమ్‌కు బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉండేది. రేషన్ కార్డు, పింఛను, ఇంటి స్థలం, పిల్లల స్కాలర్‌షిప్పు, దేనికి దరఖాస్తు పెట్టాలన్నా వార్డు అక్కడికే వచ్చేది. వంతెన కింద ఉండే బసమ్మ కూడా అట్లాగే వచ్చింది, పింఛను కోసం. బసమ్మది కోడుమూరు వైపు. వానలు లేక చేను బీడు పడితే కొడుకూ కోడలితో కలిసి బండల క్వారీ పనికి వచ్చింది. క్వారీలోనే కొడుకు పోయాడు. ఊళ్ళో ఉన్న మట్టిల్లు కూలిపోయింది. అత్తా కోడళ్ళు, అట్లాంటివే ఇంకొన్ని కుటుంబాలూ వంతెన కింద చేరారు. రాళ్ళు ఎత్తీ ఎత్తీ బసమ్మ వేలి గీతలు అరిగిపోయి ఆమె వేలిముద్రను మిషను పట్టలేదు. సరే, ఇంకో దారి చూద్దామని షమీమ్ ఇంటి నంబరు అడిగింది. బసమ్మ కాసేపు ఆలోచించి, వంతెన స్తంభం మీద ఏవో అంకెలు రాసి ఉన్నాయి, అవి పనికొస్తాయా అంది. ఇల్లు లేదని చెప్పుకోవడానికి ఆ కంప్యూటరు తెర మీద చోటు లేదు. ఎన్నికల్లో నిలబడాలని షమీమ్‌కు అప్పుడే పుట్టింది.

అయాజ్ ఆలోచన వేరు. లోడింగ్ ఆటో కొనుక్కోక ముందు అతను సిమెంటు లారీ డ్రైవరు. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లలో ఎండకు ఎండి, ప్రతి వాచ్‌మన్ చేతా అరే ఒరే అనిపించుకున్నవాడు. షమీమ్ నామినేషన్ వేసినప్పటి నుంచి టీ కొట్టు దగ్గర అయాజ్ భాయ్ అంటూ జరిగి చోటిస్తున్నారు. కౌన్సిలర్ మొగుడు వచ్చినాడని ఎవరైనా ఎగతాళిగా అన్నా అతనికి లోపల తియ్యగానే ఉండేది.

అవతల పక్క నిలబడింది లక్ష్మీదుర్గ. పేరుకే ఆమె. నడిపేదంతా ఆమె భర్త ఉమామహేశ్వర. వార్డులో కేబులూ నెట్టూ అతనివే. కమ్యూనిటీ హాలు తాళం అతని దగ్గరే, లోపల ఉన్నవి అతని వైరు చుట్టలే. లక్ష్మీదుర్గ జీపులో నిలబడి దండం పెట్టేది. ఆమె గొంతెట్లా ఉంటుందో వార్డులో ఎవరికీ తెలియదు.

పాలిష్ మిషన్ల వీధి కబురు తెల్లారేసరికి వార్డంతా పాకింది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన గురప్ప ఇంటికొచ్చాడు. షమీమ్‌ను నిలబెట్టినవాళ్ళలో పెద్ద ఆయనే. పై రెండు వీధులు ఆయన మాట వింటాయి. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా ఎత్తుకున్నాడు.

"మ్మా షమీమ్, ఆ వంతెన కింద ఎన్ని ఓట్లుండాయి?"

"ఒకటీ లేదు మామా."

"మరి ఓటు లేనోళ్ళ కోసం ఓటున్నోళ్ళతో కయ్యమెందుకమ్మా?"

"ఓటుంటే ఎవరో ఒకరు ఆ హాలు ఎప్పుడో తెరిచిందురు మామా. లేదు గనకనే నేను అడగాల్సొస్తాంది."

గురప్ప అయాజ్ వైపు చూశాడు. ఇండ్లు చెప్పు, నెట్ చెప్పు, అవి రెండూ చాలు గెలవడానికి, గెలిచినాక హాలు సంగతి నీ ఇష్టం అని నచ్చజెప్పాడు. తెరిచేది దాచిపెట్టి ఓటడిగితే అది మోసం కాదా అని షమీమ్ అంది. ఆయన కండువా భుజాన వేసుకుని లేచాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ అయాజ్‌తో, నీ పెండ్లాం మంచిదేనప్పా, కానీ మంచితనం ఓట్ల పెట్టెలో పడదు అన్నాడు.

ఆ రోజు నుంచి వార్డంతా ఆ ఇద్దరి మీద కక్ష కట్టింది. మొదట సెంటరుకు నెట్ పోయింది. అడిగితే లైను రిపేరు అన్నారు. పక్క దుకాణాల్లో మాత్రం సినిమాలు ఆడుతూనే ఉన్నాయి. తర్వాత ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. ఎక్కడిదో తెలియని ఊళ్ళో తాగి పడిపోయిన మనుషులు, కింద షమీమ్ ఫోటో, నీ బిడ్డ పెండ్లి జరగాల్సిన హాలు వీళ్ళకా అని రాత. కొళాయి దగ్గర షమీమ్ బిందె పెడితే పక్కనున్న బిందెలు జరిగిపోయేవి. అయాజ్‌కు బండల లోడు ఇచ్చేవాళ్ళు ఎన్నికలయినాక రమ్మన్నారు. అంతలో కింది వీధిలో ఎవరిదో నీళ్ళ మోటరు పోయింది. ఎవరు ఎత్తుకుపోయారో చూసినవాడు లేడు. అయినా మధ్యాహ్నానికి నలుగురు మగవాళ్ళు వంతెన కిందికి పోయి పొయ్యిరాళ్ళు తన్నేసి, ఉడుకుతున్న సంగటి కుండ పగలగొట్టి వచ్చారు. మోటరు దొరకలేదు. దొరకలేదన్న సంగతి ఎవరూ మాట్లాడలేదు.

అయాజ్‌కు కుండ పగలగొట్టినవాళ్ళ మీద కోపం రాలేదు. బసమ్మ మీద వచ్చింది. ఆ ముసలామె సెంటరు మెట్లెక్కకపోయి ఉంటే ఈ పాటికి వార్డు తమ చేతిలో ఉండేదని అనుకున్నాడు. అనుకున్నకొద్దీ అదే నిజమనిపించింది. వంతెన కింద మనుషులే లేకపోతే హాలు గొడవే ఉండదు గదా అని కూడా అనిపించింది.

మర్నాడు షమీమ్ కింది వీధికి ప్రచారానికి పోయినప్పుడు అతను ఆటో వంతెన కిందికి తోలాడు. వేంపల్లెలో చీనీ బత్తాయి తోటల్లో కాయ కోత మొదలైందని, కూలి మంచిగా ఇస్తారని, ఉండటానికి షెడ్డు ఉందని చెప్పాడు. షమీమ్ మొగుడు కాబట్టి నమ్మారు. మూటలు కట్టుకుని ఎక్కారు. బసమ్మ మాత్రం కదల్లేదు. కోడలు గంగక్క కంకర ఎత్తడానికి ముద్దనూరు వైపు పోయింది, సాయంత్రానికి వస్తుంది, వచ్చినాక ఇద్దరం వస్తాం అంది. ఆమెకు తాను చెబుతానని, వెనకనే పంపిస్తానని అయాజ్ మాటిచ్చాడు. ఆమె ఇంకా ఏదో అంటుండగానే మూట అందుకుని ఆటోలో పెట్టాడు.

వేంపల్లెలో మార్కెట్ యార్డు పక్క రేకుల షెడ్డు ముందు వాళ్ళను దింపాడు. పని ఎవరు చూపిస్తారని వాళ్ళు అడిగారు. మేస్త్రీ వస్తాడని చెప్పి బండి తిప్పుకున్నాడు. దారి పొడుగునా ఖాళీ ఆటో తేలికగా పరిగెత్తింది. అతనికి చాలా రోజుల తర్వాత ఆకలైంది. గంగక్కకు చెప్పాలన్నది ఇల్లు చేరేసరికి గుర్తే లేదు.

ప్రచారానికి ఆఖరి సాయంత్రం సంత మైదానంలో అయాజ్ ఆటోనే వేదికగా సభ పెట్టారు. జనం వచ్చారు. షమీమ్‌కే ఆశ్చర్యం వేసింది. గురప్ప మైకు తీసుకుని, మన షమీమ్ గురించి ఎవరెవరో ఏమేమో కూశారు, ఇప్పుడు పోయి వంతెన కింద చూడండి, ఒక గుడ్డ పేలిక కూడా లేదు, మన ఆడబిడ్డ మీ కష్టం తెలుసుకుని ఖాళీ చేయించింది అన్నాడు. చప్పట్లు మోగాయి. కొళాయి దగ్గర బిందె జరిపిన ఆడవాళ్ళే ఈలలు వేశారు.

షమీమ్ అయాజ్ కోసం చూసింది. అతను ఆటో ముందు సీట్లో పెట్టిన యాంప్లిఫయర్ మీటలు సరిచేస్తున్నట్టు వంగి ఉన్నాడు. ఆమె దిగి అతని దగ్గరకు పోయి ఎక్కడికి పంపినావని అడిగింది. అతను వేంపల్లె అన్నాడు. ఇప్పుడేం మాట్లాడద్దు, గెలుస్తాండాం, ఇంటికి పోయినాక ఎంతన్నా తిట్టు అని బతిమాలాడు. ఆమె తిరిగి పైకెక్కి గురప్ప చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇప్పుడు చెప్పింది నా మాట కాదు. ఆ మనుషుల్ని నేను పంపలేదు. నా మొగుడు పంపినాడు, నాకు చెప్పకుండా. రేపు పొయ్యి పిల్చుకొస్తా. నేను గెలిస్తే హాలు తెరిపిస్తా, ఆడ వాళ్ళుంటారు. అది పడనోళ్ళు నాకు ఓటెయ్యద్దండి. నేనేమీ అనుకోను."

వెనక నుంచి ఎవరో మట్టిపెళ్ళ విసిరారు. అది ఆటో అద్దానికి తగిలింది. తర్వాత చెప్పు వచ్చింది. ఈమె మనల్ని వద్దంటాంది పాండి అని ఒకడు అరిస్తే కుర్చీలు తోసుకుంటూ లేచారు. గురప్ప కండువా తీసి ఆటో మీద వేసి, షమీమ్ ముఖం చూడకుండా దిగి పోయాడు. టీ కొట్టు దగ్గర చోటిచ్చినవాడే అయాజ్ పక్కగా వచ్చి, పెండ్లాం నోరు కట్టలేనోనికి రాజకీయమెందుకప్పా అని పోయాడు.

ఇంట్లో అయాజ్ ముందు గొంతు లేపాడు. చేతికొచ్చిన దాన్ని కాలదన్నుకున్నావు, నలుగురిలో నన్ను దొంగను చేసినావు, ఎవరికోసం చేసినాననుకున్నావు ఇదంతా, నీకోసమే గదా అన్నాడు.

షమీమ్ వంటింటి గడపలో నిలబడి విన్నది.

"ఆ లక్ష్మీదుర్గ నోరు తెరవదు. ఆయమ్మ మొగుడే మాట్లాడతాడు. నేను తెరిచినా. నా నోట్లో నీ మాట పెట్టి, నన్ను కూడా ఆయమ్మ పక్కన నిలబెట్టినావు."

ఆ మాటకు అతని కోపం ఇంకా పెరిగింది. అన్నం గిన్నె తోసేసి వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

పొద్దున్నే ఇద్దరూ వేంపల్లె పోయారు. షెడ్డు దగ్గర మిగతావాళ్ళు ఎవరూ లేరు. కొందరు పులివెందుల వైపు పని వెతుక్కుంటూ పోయారట, కొందరు ఎటు పోయారో తెలియదు. బసమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. షమీమ్‌ను చూసి లేచింది. క్షమించమని షమీమ్ మొదలుపెట్టబోతే ఆమెకు అది వినే ఓపిక లేదు.

"గంగక్క వచ్చెనా?" అంది.

షమీమ్‌కు అర్థం కాలేదు. బసమ్మ అయాజ్ వైపు వేలు చూపించింది.

"ఈయప్ప చెప్తానన్యాడు, ఎనకాలనే పంపిస్తానన్యాడు. దానికాడ ఫోను లేదు, దుడ్లు లేవు. నేను యాడుండానో దానికి ఎట్ల తెలుస్తాదమ్మా?"

షమీమ్ భర్త వైపు తిరిగింది. జవాబు అతని ముఖంలోనే ఉంది. బసమ్మ మూట తనే ఎత్తుకుని తనే ఆటో ఎక్కింది. దారి పొడుగునా, రోడ్డు పక్క నడిచిపోయే ప్రతి ఆడమనిషినీ మెడ తిప్పి చూస్తూనే ఉంది.

వంతెన కింద గంగక్క లేదు. అందరూ ఆటో ఎక్కిన రోజు సాయంత్రం వచ్చిందని, చీకటి పడేదాకా అత్త కోసం కేకలేస్తూ తిరిగిందని పక్కన పంక్చర్లు వేసేవాడు చెప్పాడు. వీధుల్లో తలుపు తలుపు తట్టిందట. ముసలామెను ఆటోలో ఎవరో ఎక్కించుకుపోయారన్నారే తప్ప ఎవరని గానీ ఎక్కడికని గానీ ఒక్కరూ చెప్పలేదు. ఒకింటివాళ్ళు కుక్కను వదిలారట. ఆ తర్వాత ఆమె స్టేషను వైపు పోయింది.

షమీమ్ బసమ్మను వంతెన కింద వదల్లేదు. వైరు తెగి మూతపడ్డ సెంటరులో కంప్యూటరు బల్ల జరిపి చాప వేసింది. ఆ సంగతి తెలిసి దుకాణం యజమాని, ఎన్నికలయినాక గది ఖాళీ చేయమని చెప్పి పంపాడు.

ఓట్ల రోజు షమీమ్ బడి గేటు బయట ఒక్కతే నిలబడింది. తనకు ఏజెంటుగా కూర్చుంటానన్నవాళ్ళు రాలేదు. ఓటేసి వచ్చేవాళ్ళు ఆమెను చూడకుండా ఉండటానికి రోడ్డు అవతలి అంచున నడిచారు. లెక్కింపు రోజు లక్ష్మీదుర్గ ఎంత తేడాతో గెలిచిందంటే, సగంలోనే టపాకాయలు మొదలుపెట్టారు. ఊరేగింపు పని గట్టుకుని సెంటరు ముందు ఆగింది. లోపల బసమ్మ చెవులు మూసుకుని కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వంతెన కింద నాపరాళ్ళను అంచుల మీద నిలబెట్టి సిమెంటు పోశారు, ఇక అక్కడ మనిషి కాదు, కుక్క కూడా పడుకోలేకుండా. హాలుకు తాళం అట్లాగే ఉంది. షమీమ్ దాని గురించి అర్జీ రాసి ఆఫీసుకు పోతే బయట కూర్చోబెట్టారు. ఆమె కూర్చుంది. మరుసటి వారం మళ్ళీ పోయింది.

ఇంట్లో అయాజ్‌తో ఆమె మాట్లాడేది అన్నానికి రమ్మనడానికీ, గ్యాస్ అయిపోయిందని చెప్పడానికీ మాత్రమే. అతను కొన్నాళ్ళు పంతంగా తిరిగాడు. ఓడిపోయింది తన వల్ల కాదు, ఆమె వల్లేనని టీ కొట్టులో వాదించేవాడు. వినేవాళ్ళు తలూపి, అతనికి మళ్ళీ పాత చోటే చూపించారు. ఆటో తోలుకుంటూ సెంటరు ముందు నుంచి పోయినప్పుడల్లా బసమ్మ మెట్ల మీద కనిపించేది. అతన్ని చూసి తిట్టేది కాదు. ఆటో వెనక భాగంలోకి తొంగి చూసేది, అందులో కోడలు ఉందేమోనని.

ఒక పొద్దున అతను ఎవరికీ చెప్పకుండా కర్నూలు బస్సెక్కాడు. కోడుమూరు పక్క పల్లెలో బసమ్మకు చెల్లెలు ఉందని విని ఉన్నాడు, గంగక్క అక్కడికే చేరి ఉంటుందనుకున్నాడు. అక్కడి నుంచి కోడుమూరు పోయి, ఆ చెల్లెలి ఊరు వెతుక్కుంటూ నడిచాడు. గంగక్క ఊరి బయట ఆముదం చేలో కలుపు తీస్తోంది. బతికి ఉందని చూసేసరికి అతను గట్టు మీద కూర్చుండిపోయాడు. తానెవరో చెప్పుకున్నాడు. ఆమె కొడవలి కింద పెట్టలేదు.

"మీ అత్త మా దగ్గరే ఉండాది. శానా ఎదురు చూస్తాంది. నాతో రా, తీసుకపోతా" అన్నాడు.

"నువ్వేనా ఎక్కించుకపోయింది?"

"నేనే. తప్పయింది."

"అయితే నీతో నేను రాను. మా అత్తనూ నీ చేతికి ఇయ్యద్దని చెప్పు. ఆ అక్క ఉందంట గదా, ఓట్లకు నిలబడినామె. ఆమెనే మా అత్తను పిల్చుకొని రమ్మను."

ఆమె మళ్ళీ సాళ్ళలోకి వంగింది. చుట్టుపక్కల చేలల్లో ఆడవాళ్ళు పని ఆపి అతన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె, దారి అటు ఉంది అని చేయి చూపించింది.

అతను ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గంగక్క అన్న మాట కూడా దాచలేదు. షమీమ్ వింటూనే లేచి సెంటరుకు పోయింది. బసమ్మ ఏడ్చిందో నవ్విందో అతనికి తెలియదు, అతన్ని లోపలికి రమ్మనలేదు.

మర్నాడు ముగ్గురూ బస్టాండుకు నడిచారు. ఆటో తెస్తానంటే బసమ్మ వద్దంది. అక్కడ ఇల్లు లేదు గదా, ఎట్లా ఉంటారని షమీమ్ అడిగింది. చెల్లెలి వసారాలో ఉంటామని, వానలొస్తే చూసుకుంటామని బసమ్మ చెప్పింది. అక్కడ మీ ఇద్దరికీ ఏం రావాలో నేను వచ్చి రాయిస్తానని షమీమ్ అంటే, ఆమె మూట చంకకు మార్చుకుని బస్సు వచ్చే వైపు చూసింది.

బస్సు వచ్చింది. షమీమ్ కిటికీ పక్క సీటు బసమ్మకిచ్చి తాను ఇవతల కూర్చుంది. అయాజ్ కింద నిలబడి, మళ్ళీ ఎప్పుడొస్తావు అని అడిగాడు. పని అయినాక వస్తానంది షమీమ్. అతను ఇంకేదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే కండక్టరు వైపు తిరిగి రెండు టికెట్లు అడుగుతోంది.